బడితోటకి డబ్బు అడిగే ముందు నీళ్ల సంగతి రాయండి

అందరికీ నమస్కారం. ఒడిశాలోని మన పర్లాకిమిడి, కాశీనగర్ మాస్టర్లతో పాటు గుణుపురం వైపు నుంచి కూడా ఎస్ఎంసీ, అంటే బడి యాజమాన్య కమిటీ, అమ్మలు వచ్చారు. ఇంత ఎండలో పనులు మానుకుని వచ్చారు కాబట్టి ఉపన్యాసం పక్కన పెట్టి నేరుగా బడితోట డబ్బు సంగతికే వస్తాను.

మధ్యాహ్న భోజనం, అదే ఇప్పుడు పీఎం పోషణ్ అంటున్నాం కదా, దాని కింద బడుల్లో పోషకాహార తోటల మార్గదర్శకాలు 2019లోనే వచ్చాయి, తోటకి 5,000 రూపాయల వరకు ఇవ్వొచ్చని. బడులకి కేంద్రం నడిపే సమగ్ర శిక్ష పథకంలో యూత్, ఎకో క్లబ్ (పిల్లల పర్యావరణ సంఘం) డబ్బు వేరే ఉంది, ప్రాథమిక బడికి 5,000, ప్రాథమికోన్నతకి 15,000, హైస్కూలుకి 25,000 దాకా. కంపెనీల సీఎస్ఆర్, అంటే సామాజిక బాధ్యత కింద ఇచ్చే డబ్బు, కూడా ఉంది, 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం ఇలాంటి పనులకి ఖర్చు పెట్టాలి. రాయగడ జిల్లాలో కాగితం మిల్లు, అల్యూమినా ఫ్యాక్టరీ రెండూ ఉన్నాయి, అడగండి, కానీ నాలుగు వంగ మొక్కల కోసం అక్కడిదాకా పోకండి, పది బడులు కలిసి వెళ్తేనే వాళ్లు కూర్చోబెట్టి మాట్లాడతారు.

ఇక అర్జీ. మనవాళ్లు రాసేది దాదాపు ఒకటే: "విద్యార్థులలో పర్యావరణ స్పృహ పెంపొందించుటకు". ఈ ముక్క ప్రతి అర్జీలోనూ ఉంటుంది, చదివేవాళ్లకి చదివి చదివి విసుగు పుట్టి ఉంటుంది. దాని బదులు ఇలా రాసి చూడండి: "వంటగది వెనక పది అడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవు ఖాళీ ఉంది. చేతులు కడిగిన నీళ్లు ఊరికే వీధిలోకి పోతున్నాయి, ఆ నీళ్లు ఇటు మళ్లించడానికి కాలువ కావాలి. మేకలు వస్తాయి, కంచె కావాలి. మే నెల సెలవుల్లో నీళ్లు పోసే బాధ్యత వంట చేసే అమ్మ, మరో ఇద్దరు తల్లులు తీసుకున్నారు." అంతే, ఇది చదివినవాడికి మీ బడి కళ్లకి కట్టినట్టు కనిపిస్తుంది. వేసవిలో తోట ఎండిపోతుందన్నదే పై అధికారుల అసలు అనుమానం, దానికి జవాబు మొదటి పేజీలోనే ఉండాలి.

ఇంకో చిక్కు. జూన్‌లో వాన పడగానే మొక్క పెట్టాలి, డబ్బేమో చాలాసార్లు ఆర్థిక సంవత్సరం చివర్లో వచ్చి మార్చి 31 లోపు ఖర్చు చూపించమంటుంది. ఫిబ్రవరి, మార్చిల్లో నారు కొంటే ఎండకి మాడిపోయేదే! అందుకని బడ్జెట్‌లో ఎక్కువ భాగం కంచెకి, కాలువకి, పైపుకి, కంపోస్టు గుంతకి పెట్టండి, ఇవన్నీ ఎండాకాలంలోనే చేసుకునే పనులు. మునగ కొమ్మ, కరివేపాకు పిలక, తోటకూర విత్తనం ఊళ్లో ఎవరింట్లో అడిగినా ఇస్తారు, వాటికి డబ్బు రాయడం దండగ అని నా అభిప్రాయం. హెడ్‌మాస్టరు గది ముందు క్రోటన్ల సంగతి నేనేం మాట్లాడను, కూరలోకి రానిది ఈ పద్దులో వద్దు. ఏ నేలకి ఏది పడుతుందో రైతులకి సలహాలిచ్చే కృషి విజ్ఞాన కేంద్రం వాళ్లని అడగండి, గజపతి జిల్లాకి ఆర్.ఉదయగిరిలో, రాయగడ జిల్లాకి గుణుపురంలో ఉన్నాయి.

అర్జీతో పాటు ఎస్ఎంసీ తీర్మానం పెట్టండి. విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్లు. కాగితం ఒడియాలో రాస్తాం, సరే, కానీ సంతకం పెట్టించే ముందు మొత్తం తెలుగులో చదివి వినిపించండి, ఎండలో నీళ్లు మోసేది ఆ తల్లులే కదా. రసీదులు మాత్రం ఏ రోజువి ఆ రోజు అంటించుకోండి, యుటిలైజేషన్ సర్టిఫికెట్, అంటే డబ్బు ఖర్చు పెట్టామని చూపించే కాగితం, ఇవ్వని బడికి రెండో ఏడు డబ్బు రావడం కష్టం.

భోజనాలయ్యాక మీ స్థలం కొలతలు, నీళ్లు ఎక్కడినుంచి వస్తాయో గీసిన చిన్న బొమ్మ పట్టుకుని వేపచెట్టు దగ్గరకి రండి. ఒడియా రాయగలిగిన మాస్టర్లు ముగ్గురు ఉన్నారు, అర్జీలు ఇక్కడే రాసేద్దాం.