ఈ వాక్యానికి పూచీ ఎవరిది?

అందరికీ నమస్కారం.

మన ఊళ్ళ వివరాలు తెలుగులో రాసిపెట్టే ఈ పనిలోకి ఏఐని తెచ్చుకుని కొన్ని నెలలైంది. ఇన్నాళ్ళూ ఎవరికి తోచినట్టు వాళ్ళం వాడాం. ఇకనైనా రాతకూ పని పద్ధతికీ కొన్ని కట్టుబాట్లు ఉండాలని మీరందరూ అడిగారు. ఆ కట్టుబాట్ల ముసాయిదా ఎందుకలా తయారైందో చెప్పడానికి వచ్చాను.

ముందు కుక్కునూరు సంగతి చెప్పాలి. మొదట అది ఖమ్మం జిల్లాలో ఉండేది. 2014లో మిగతా పోలవరం ముంపు మండలాలతో పాటు ఆంధ్రప్రదేశ్‌లో కలిసి పశ్చిమ గోదావరి జిల్లాలో చేరింది. 2022లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది. ఎనిమిదేళ్ళలో ఒక రాష్ట్రం, రెండు జిల్లాలు మారాయి. ఏఐ ఇచ్చిన పేజీలో మొదటి పేరాలో ఏలూరు జిల్లా అని ఉంది, మూడో పేరాలో ఖమ్మం జిల్లా అని ఉంది. 2011 జనాభా లెక్కను తెచ్చి ‘ప్రస్తుత జనాభా’ అంది. విడివిడిగా చూస్తే అవన్నీ ఎక్కడో ఒకచోట అచ్చయిన వివరాలే. కాలాలు కలిసిపోయాయి. ఆ పేజీ చదివి సరే అన్నది నేనే. ఆ ఊరి పెద్దాయన ఫోన్ చేసి, “ఇంతకీ మమ్మల్ని ఏ జిల్లా వాళ్ళమని రాశారండీ?” అని అడిగితే నాకు నోరు పెగల్లేదు. ముంపు పరిహారం కాగితాలు పట్టుకుని తిరిగిన మనిషికి జిల్లా పేరు చిన్న విషయం కాదు.

అందుకే మొదటి కట్టుబాటు: ప్రతి అంకె పక్కనా, ప్రతి జిల్లా పేరు పక్కనా ‘ఏ నాటికి’ అన్నది ఉండాలి. తెలంగాణలో 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. మనం వాడుతున్న జనగణన మాత్రం 2011ది, అంటే పాత జిల్లాల లెక్క. ఏఐ నేర్చుకున్న రాతల్లో ఈ పొరలన్నీ కలగలిసి ఉన్నాయి. విడదీయాల్సింది మనమే.

రెండోది పూచీ. పేజీ ముసాయిదా ఏఐ రాయొచ్చు. కానీ మూలం తెరిచి, వాక్యాన్ని దాని పక్కన పెట్టి చూసిన మనిషి పేరు పేజీ చరిత్రలో, అంటే ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపే చిట్టాలో, ఉండాలి. “ఏఐతోనే సరిచూయించాను” అంటే ఒప్పుకోం. ఇది మన ఒక్కళ్ళ పట్టుదలేమీ కాదు. కంప్యూటర్లను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌ని నలుగురూ కలిసి తయారుచేసే ఫెడోరా లినక్స్ ప్రాజెక్టు 2025లో ఏఐ సాయానికి తలుపు తెరుస్తూనే, బాధ్యత మాత్రం ఆ పని పంపిన మనిషిదేనని తేల్చింది. ఇంగ్లీషు వికీపీడియా కూడా ఆ ఏడాదే ఒక నియమం పెట్టుకుంది. లేని మూలాలను చూపించడం లాంటి ఆనవాళ్ళు దొరికి, మనిషి చూడకుండా పెట్టిన ఏఐ రాత అని తేలితే, సుదీర్ఘమైన చర్చ లేకుండానే తీసేయొచ్చు.

ఇక భాష. నా మనసంతా ఇక్కడే ఉంది. ‘సరళంగా రాయండి’ అని నియమం పెడితే ఏఐకీ ఉపయోగం లేదు, కొత్తగా వచ్చిన పిల్లలకీ ఉపయోగం లేదు. అందుకని కట్టుబాట్ల ముసాయిదాలో వాక్యాల జంటలు ఇచ్చాం. “ఈ గ్రామం ఒక ప్రాథమిక పాఠశాలను కలిగి ఉంది” వద్దు. “ఊళ్ళో ప్రాథమిక పాఠశాల ఉంది” చాలు. “చెరువు గ్రామస్తుల ద్వారా తవ్వబడింది” వద్దు. “చెరువును ఊరివాళ్ళే తవ్వుకున్నారు.” ఈ రెండోది బయటికి చదివి చూడండి, ఎవరో మనకు చెబుతున్నట్టు ఉంటుంది. ప్రచురించే ముందు ప్రతి పేజీనీ ఒకసారి బయటికి చదవాలన్నది కూడా కట్టుబాటే.

ఊరివాళ్ళు చెప్పిన మాటను మార్చకూడదు. తెలంగాణలో ఒక రైతు ‘శిఖం భూమి’ అన్నాడు, అంటే చెరువు కడుపులోని భూమి. ఏఐ దాన్ని శిఖరం చేసింది. చెరువడుగు కొండకొమ్మయింది! మాట ఉన్నదున్నట్టు ఉంచి, అర్థం పక్కన రాద్దాం.

ఇంకొకటి నన్ను చాలా బాధపెట్టింది. ఒకే పేజీలో సర్పంచ్‌ని ‘ఆయన’ అనీ, బావి తవ్విన మనిషిని ‘అతడు’ అనీ ఏఐ రాసింది. ఆ అలవాటు దానికి మన రాతల్లోంచే వచ్చింది. తెలుగు వికీపీడియా శ్రీ, గారు లాంటివి పక్కన పెట్టి అందరినీ ఒకే వరసలో నిలబెట్టింది. మనం అందరినీ ‘ఆయన’, ‘ఆవిడ’ అందాం. ఎవరికీ మినహాయింపు వద్దు.

‘హైదరాబాద్‌లో’ అన్నది, ద కింద ల వత్తు చేరిపోయి, ‘హైదరాబాద్లో’ అయిపోయే అక్షరాల చిక్కు కూడా ఉంది. వెతికితే దొరకదు. దాన్ని చిన్న ప్రోగ్రాముకి అప్పగించాం.

చివరగా వేగం. 2009 తరవాత గూగుల్ అనువాద ప్రాజెక్టులో తయారైన వ్యాసాలు తెలుగు వికీపీడియాలోకి పెద్దసంఖ్యలో వచ్చాయి. చాలావాటిలో భాష కృతకం. అనువదించినవాళ్ళు ముందుకు వెళ్ళిపోయారు, దిద్దే భారం ఏళ్ళ తరబడి కొద్దిమంది స్వచ్ఛంద సభ్యుల మీద పడింది. ఇప్పుడు ఏఐ ఒక్క పూటలో అంతకంటే ఎక్కువే కుప్ప పోయగలదు. కాబట్టి ఒకరి పేరు మీద సరిచూడని ముసాయిదాలు మూడుంటే, నాలుగోది తెరవకూడదు. ఇది చాలామందికి నచ్చలేదని తెలుసు. అయినా నేను దీన్ని వదులుకోను. దిద్దే ఓపికను మించి రాతలు పోగైతే, కుక్కునూరు పేజీలాంటివి ఎన్ని మన కన్నుగప్పి వెళ్ళిపోతాయో ఆలోచించండి.

కుక్కునూరు, వేలేరుపాడు పేజీలు మళ్ళీ మొదటినుంచి నేనే రాస్తున్నాను. మూలాలు పక్కన పెట్టుకుని నాతో పాటు రెండో మనిషిగా చదవడానికి ఒకరు కావాలి. ఆ మండలాలు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే, ఇప్పుడే చెయ్యెత్తండి.