గీజరు మీద స్టార్లు దేనికిస్తారు? ఇరుకు బాత్రూంకి ఏది పెట్టాలి?

[స్టార్ లేబుల్ క్లోజప్]

"ఫైవ్ స్టార్ గీజరే పెట్టించాం, అయినా బిల్లు తగ్గలేదండీ." ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. కొన్నవాళ్ల మీద కాదు, స్టార్లు చూపించి అమ్మినవాళ్ల మీద.

నీళ్లు కాచడంలో వన్ స్టార్‌కీ ఫైవ్ స్టార్‌కీ పెద్ద తేడా ఉండదు. రెండింట్లోనూ కాయిలే, లాగిన కరెంటంతా వేడిగా మారుతుంది. లేబుల్ మీద 'స్టాండింగ్ లాస్' అని ఉంది చూడండి. కాగిన నీళ్లు వాడకుండా అలాగే ఉంటే 24 గంటల్లో ఎన్ని యూనిట్లు వృథా అవుతాయన్న లెక్క అది. కరెంటు ఆదా సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఈఈ స్టార్లిచ్చేది దాన్ని బట్టే.

చాయ్ ఫ్లాస్కు అనుకోండి. స్టార్లు చెప్పేది ఫ్లాస్కు సంగతి, పొయ్యి సంగతి కాదు. కాచిన వెంటనే తాగేసేవాళ్లకి మంచి ఫ్లాస్కుతో ఏం పని? పొద్దున కాసేపు స్విచ్ వేసి, స్నానాలు కాగానే ఆపేసే ఇళ్లు ఆ రకం. ఇంట్లో పెద్దవాళ్లుండి రోజంతా ఆన్‌లోనే ఉంచుతారా, అప్పుడు మాత్రం బేరమాడకుండా ఫైవ్ స్టార్ తీసుకోండి.

బిల్లు పెరిగేది ఒక్కరి కోసం ఫ్లాస్కు నిండా చాయ్ కాచినప్పుడు. చలికాలం మన ట్యాంకు నీళ్లు 20 డిగ్రీలనుకుందాం. 60కి తేవాలంటే 15 లీటర్లకు 0.7 యూనిట్, 25 లీటర్లకు దాదాపు 1.2. ఆ 15 లీటర్లలో చన్నీళ్లు కలిపితేనే 40 డిగ్రీల నీళ్లు 30 లీటర్లు, అంటే ఒకటిన్నర బకెట్. ఇద్దరుండే ఇంట్లో తల మీద 25 లీటర్ల డ్రమ్ము దేనికండీ?

[ఇన్‌స్టంట్ గీజరు, కింద బకెట్]

చోటు మరీ తక్కువైతే 3 లీటర్ల ఇన్‌స్టంట్. ఇక్కడ ఫ్లాస్కే లేదు, అడిగినప్పుడే కాచి పోస్తుంది. 3 కిలోవాట్లది నిమిషానికి 2 లీటర్ల పైచిలుకు 40 డిగ్రీల నీళ్లిస్తుంది, బకెట్ నిండడానికి 9 నిమిషాలు. ఖర్చు బకెట్‌కి అర యూనిట్ లోపే. వాట్లు ఎక్కువని భయపడొద్దు, ఆన్‌లో ఉండేది కాసేపే. కానీ షవర్ కింద నిలబడితే సన్నటి ధారే, వణుకుతారు.

తలుపు పైన లాఫ్ట్ ఖాళీగా ఉందా? హారిజాంటల్ మోడల్ అడగండి. నిలువుది తెచ్చి పడుకోబెడతానంటే మేస్త్రీని అక్కడే ఆపేయండి. కవర్ విప్పడానికి ఓ జానెడు సందు వదిలించండి, లేదంటే సర్వీసుకి వచ్చినవాడు గీజరు మొత్తం దించాల్సిందే.

టైమైపోతోంది, గబగబా చెప్పేస్తా. హైదరాబాద్‌లో నిజాంపేటలోనో మియాపూర్‌లోనో బోరు, ట్యాంకరు నీళ్లు వాడేవాళ్లు కాయిల్‌కి పట్టే తెల్ల పొర గీకించాలి, ట్యాంకు తుప్పు పట్టకుండా కాపాడే మెగ్నీషియం రాడ్ అరిగితే మార్పించాలి. పైనుంచి ప్రెషర్ ఎక్కువొచ్చే ఎత్తైన బిల్డింగైతే 8 బార్ ప్రెషర్ తట్టుకునే ట్యాంకున్న గీజరు తీసుకోండి. 3 కిలోవాట్లంటే 13 ఆంప్స్, కాబట్టి 16 ఆంప్స్ సాకెట్, ఎర్తింగ్ తప్పనిసరి. గాలిలోని వేడిని లాగి నీళ్లు కాచే హీట్ పంప్ కరెంటు బాగా ఆదా చేస్తుంది, కానీ ఆ ట్యాంకు మీ బాత్రూంలో పట్టదు. గాలి ఆడని చోట గ్యాస్ గీజరు మాత్రం వద్దే వద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన రాదు, మనిషి అక్కడికక్కడే పడిపోతాడు.

బాత్రూం కొలతలు, ఇంట్లో ఎంతమందో కామెంట్లో పెట్టండి, లీటర్లు నేను చెప్తా.