సైకిల్ క్యారియర్ మీద సామాను: మూడు రకాలుగా కట్టి చూశాను

నమస్తే అండి. ఇదిగో నా సైకిల్ వెనక క్యారియర్, ఇది తొమ్మిది కిలోల అట్టపెట్టె. దీన్ని హుక్కుల ఎలాస్టిక్ తాడుతో, బకిల్ పట్టీతో, పాత ట్యూబు ముక్కతో కట్టి తిప్పాను.

ముందు ఎలాస్టిక్ తాడు. చిటికెలో కట్టేయొచ్చు, అందుకే చాలామంది దగ్గర ఇదే ఉంటుంది. కానీ చూడండి, పెట్టెను చేత్తో పక్కకి నెడుతున్నాను... జరిగిందా? తాడు సాగుతోంది మరి. గుంతలో పడి ఎగిరిన పెట్టె మళ్లీ అదే చోట కూర్చోదు. ఇంకో సంగతి, హుక్కు తగిలించేటప్పుడు మొహం దానికి ఎదురుగా పెట్టకండి. చేయి జారితే హుక్కు కంటికే తగలొచ్చు. నాకు ఓసారి చెంప మీద తగిలింది, ఇంకో అంగుళం పైకొచ్చుంటే ఏమయ్యేదో!

రెండోది బకిల్ పట్టీ. ఇది దాదాపు సాగదు. బకిల్లో పళ్లున్న మీట పట్టీని కరుచుకుంటుంది. కొస లాగితే బిగుస్తుంది, మీట నొక్కితే వదులుతుంది. పట్టీని కమ్మీకి ఒక చుట్టు చుట్టి కడితే ముందుకీ వెనక్కీ జారదు. చిక్కల్లా మిగిలిన కొసతోనే. దగ్గరగా చూపిస్తాను, నలిగి నల్లగా ఉంది కదా? మొదటిరోజు వేలాడుతుంటే పట్టించుకోలేదు. చువ్వల్లో చుట్టుకుని చక్రం టక్కున ఆగిపోయింది. మెల్లగా వెళ్తున్నాను కాబట్టి సరిపోయింది. ఇప్పుడు కొసను చుట్ట చుట్టి పట్టీ కిందే దోపేస్తున్నాను.

ట్యూబు ముక్క సంచులకి బాగుంది, రబ్బరు కదా, జారనివ్వదు. ముడి విప్పడానికే ఓపిక కావాలి. పగుళ్లు కనిపిస్తే మాత్రం పారేయండి.

ఏది కట్టినా ముందు క్యారియర్ బోల్టులు బిగించి, దాని మీద రాసిన బరువు చూడండి. చాలావాటి మీద 25 కిలోలని ఉంటుంది. బరువైనవి అడుగున, సీటు వైపు పెట్టండి. తొక్కేటప్పుడు మడమ తగలకూడదు, వెనక లైటు మూసుకుపోకూడదు. కట్టాక సైకిల్‌ని ఇలా పక్కలకి ఊపండి. పెట్టె విడిగా ఊగిందంటే విప్పి మళ్లీ కట్టాల్సిందే. అట్టపెట్టె అంచులు నలిగి పట్టీ వదులవుతుంది, కాబట్టి కాస్త దూరం వెళ్లాక ఆగి ఓసారి లాగి చూసుకోండి.

నా ఓటు రెండు బకిల్ పట్టీలకి, పెట్టె జారకుండా అడుగున ఓ ట్యూబు ముక్క. ఎలాస్టిక్ తాడంటారా, పైన రెయిన్‌కోటు పెట్టుకోవడానికి ఉంచుకున్నాను.