చెయ్యి ఊరుకోదు: మొదటి రీఫ్ ట్యాంక్ పెట్టబోయేవాళ్ళతో కాసేపు

అందరికీ నమస్కారం.

బల్ల మీద ఉన్నవి చూసి కొందరు నిరాశపడ్డట్టున్నారు. చేపలేవీ, పగడాలేవీ అని వెనక ఎవరో అడగడం వినిపించింది. ఒక బకెట్, ఉప్పు డబ్బా, చిన్న టార్చిలైట్ లాంటి ఈ పరికరం, ఓ చిన్న సీసా. ఇవే తెచ్చాను. ఎందుకంటే మొదటి రెండు నెలలూ రీఫ్ ట్యాంక్, అంటే పగడాలు పెంచే ఉప్పునీళ్ళ అక్వేరియం, దాదాపు ఇంతే.

మంచినీళ్ళ చేపలు పెంచినవాళ్ళు మీలో చాలామందే ఉన్నారు. ఆ అనుభవం బాగా పనికొస్తుంది. ఒక్క అలవాటు మాత్రం గుమ్మం బయటే వదిలేసి రావాలి. మంచినీళ్ళ ట్యాంకులో ఏదైనా తేడా కనిపిస్తే వెంటనే ఏదో ఒకటి చేస్తాం. సగం నీళ్ళు మార్చేస్తాం, మందు వేస్తాం, ఫిల్టర్ కడిగేస్తాం. చాలాసార్లు గట్టెక్కుతాం కూడా. పగడాలకు ఆ హడావుడి పడదు. నా ట్యాంకులో పోయినవాటి లెక్క తీస్తే, నేను పట్టించుకోక పోయినవి తక్కువ. బాగుచేద్దామని చెయ్యి పెడితే పోయినవే ఎక్కువ. ఇవాళ నేను చెప్పేదంతా ఈ చేతి గురించే.

ఈ పిచ్చి కొత్తదేం కాదు. 1846లో అన్నా థిన్ అనే ఆవిడ ఇంగ్లండ్ తీరంలో దొరికిన పగడాలను జాడీలో వేసుకుని లండన్‌లోని ఇంటికి తెచ్చుకున్నారు. పంపుల్లేవు, కరెంటు లేదు. నీళ్ళకు గాలి ఆడాలి కాబట్టి, రోజూ కిటికీ దగ్గర ఆ నీళ్ళను ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి చాలాసేపు తిరగబోయించేవారు. పోసిన చెయ్యి మాత్రం పనిమనిషిది. ఆ మనిషి పేరు చరిత్రలో పెద్దగా వినపడదు. ఇవాళ మనం వేవ్‌మేకర్ అని పెట్టుకునే పంపు చేసేది ఆ పనిమనిషి పనే. తర్వాత 1961లో ఇండొనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్ తన పద్ధతిని ప్రపంచానికి చెప్పాడు. పెద్ద ఫిల్టర్లు అక్కర్లేదు, సముద్రంలోంచి తెచ్చిన రాళ్ళూ గాలి బుడగలూ చాలన్నాడు. రాయిలో ఉన్న ప్రాణులే నీళ్ళను శుభ్రం చేస్తాయన్నది అతని అనుభవం. ఇప్పటి లైవ్ రాక్ పద్ధతికి మూలం అక్కడుంది.

ఇక ట్యాంక్. 150 నుంచి 200 లీటర్ల మధ్య మొదలుపెట్టమంటాను. చిన్నదైతే సులువనుకుంటారు, తిరగబడుతుంది. నీళ్ళు తక్కువైతే ప్రతి పొరపాటూ పెద్దదవుతుంది. 200 లీటర్లంటే నీళ్ళే రెండొందల కిలోల పైన. అద్దం, రాళ్ళు, ఇసుక, స్టాండ్ కలిపితే మూడొందలు దాటొచ్చు. నేల సమంగా ఉందో లేదో ముందే చూసుకోండి. రాళ్ళను ఇసుక మీద పేర్చకండి, ముందు అడుగు అద్దం మీద నిలబెట్టి ఆ తర్వాత ఇసుక పొయ్యండి. లేకపోతే ఏ రొయ్యో కింద గుంత తవ్వితే రాయి ఒరుగుతుంది.

ట్యాంకు కింద సంప్, అంటే పైపులతో కలిపిన రెండో తొట్టి, పెట్టుకునేవాళ్ళు ఒక పరీక్ష చెయ్యాలి. నీళ్ళు నింపాక, చేపలు రాకముందే, పంపు ఆపెయ్యండి. పైప్‌లో నీళ్ళు వెనక్కి వచ్చి సంప్ పొంగుతుందేమో చూడండి. మీరు ఎదురుగా ఉండగా పొంగితే తుడుచుకోవచ్చు. అర్ధరాత్రి కరెంటు పోయినప్పుడు పొంగితే ఇంట్లో పరువు పోతుంది. ప్రతి వైరూ ప్లగ్ కంటే కిందికి జారి మళ్ళీ పైకెక్కేలా వదలండి, వైరు వెంట కారిన చుక్క ప్లగ్‌లోకి పోదు. షాక్ కొడితే కరెంటు కట్ చేసే ఆర్‌సీసీబీ తప్పనిసరి. ఇందులో బేరాల్లేవు.

అసలు సంగతికి వద్దాం. నీళ్ళు.

కుళాయి నీళ్ళలో క్లోరిన్, ఫాస్ఫేట్, సిలికేట్, ఒక్కోసారి రాగి ఉంటాయి. రాగి కొంచెం ఉన్నా రొయ్యలూ నత్తలూ బతకవు. అందుకే ఆర్‌ఓ తర్వాత, మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ కూడా దాటిన నీళ్ళు (ఆర్‌ఓడీఐ) వాడాలి. నీళ్ళలో కరిగినవెంతో చెప్పే టీడీఎస్ మీటర్ సున్నా చూపించాలి. మామూలు తాగే ఆర్‌ఓ నీళ్ళలో ఇంకా ఎంతో కొంత మిగిలే ఉంటుంది.

ఉప్పు అంటే వంటింటి ఉప్పు కాదు, మెరైన్ సాల్ట్. కాల్షియం, మెగ్నీషియం, బైకార్బొనేట్ అన్నీ సముద్రంలో ఉన్న పాళ్ళలో కలిపి అమ్ముతారు. బకెట్‌లో ముందు నీళ్ళు, ఆ తర్వాత ఉప్పు. ఉప్పు మీద నీళ్ళు పోస్తే అడుగున చిక్కదనం ఎక్కువై కాల్షియం తెల్లగా పేరుకుపోతుంది, ఇక కరగదు. చిన్న పంపు వేసి తిప్పుతూ ఒక రోజు ఉంచండి. ట్యాంకులో ప్రాణులున్నప్పుడు పొడి ఉప్పు నేరుగా అందులో వెయ్యకండి.

మన గురి లీటరుకు సుమారు 35 గ్రాముల లవణం, అంటే 35 పీపీటీ, వెయ్యి పాళ్ళలో 35 పాళ్ళు. ఇప్పుడు చిన్న లెక్క. మీ 200 లీటర్ల ట్యాంక్ రోజుకు 3 లీటర్లు ఆవిరవుతుందనుకోండి. ఎండాకాలం ఫ్యాన్ పెడితే అది మామూలే. నీళ్ళు పోతాయి, ఉప్పు పోదు. వారం పట్టించుకోకపోతే 21 లీటర్లు తగ్గి, 35 కాస్తా 39 అవుతుంది. పోనీ కదా అని ఉప్పునీళ్ళతో నింపారనుకోండి, రోజుకు 105 గ్రాముల ఉప్పు కొత్తగా పడుతుంది. వారానికి అదీ 38 దాటేస్తుంది. కాబట్టి ఆవిరైన చోట పొయ్యాల్సింది ఉప్పులేని ఆర్‌ఓడీఐ నీళ్ళు. ఈ ఒక్క ముక్క దగ్గర చాలామంది జారిపడ్డారు. రోజూ గుర్తుపెట్టుకుని పొయ్యడం మనవల్ల కాదు కాబట్టి ఆటో టాప్‌ఆఫ్ అని ఒక సెన్సర్, చిన్న పంపు దొరుకుతాయి. లైట్‌కు పెట్టే ఖర్చులో కొంత తగ్గించుకునైనా ముందు ఇది కొనమంటాను.

ఇదిగో, ఈ పరికరం రిఫ్రాక్టోమీటర్, నీళ్ళలో ఉప్పెంతో చూపిస్తుంది. నాది. దీని కథ ఒకటుంది.

కొన్న కొత్తలో డిస్టిల్డ్ నీళ్ళ చుక్క వేసి సున్నాకు సరిచేసుకుని, ఇక తిరుగులేదనుకున్నాను. ట్యాంకు నీళ్ళు చూస్తే సరిగ్గా 35. ఎన్ని నెలలైనా 35. ఓ రోజు ఆల్కలినిటీ, అంటే నీళ్ళలోని బైకార్బొనేట్ లాంటివాటి నిల్వ, కొలిస్తే 7 డిగ్రీలు (డీకేహెచ్) వచ్చింది. ఉప్పు డబ్బా మీద 8 అని ఉంది, తెలిసినవాళ్ళేమో 9 ఉంటే మంచిదంటున్నారు. చెయ్యి ఊరుకోలేదు. ఒక్క సాయంత్రం, ఆల్కలినిటీ పెంచే బఫర్ పొడి కలిపి గ్లాసు తర్వాత గ్లాసు పోసి 9కి తెచ్చాను. పడుకునే ముందు మళ్ళీ కొలుచుకుని ముచ్చటపడ్డాను కూడా. నాలుగో రోజు అక్రొపోరా అనే కొమ్మల పగడం మొదలు దగ్గర వేలిగోరంత తెల్లమచ్చ. ఆ మచ్చ పైకి పాకింది. పగడం చర్మం తడి కాగితంలా ఊడిపోతుంటే కింద ఎముక బయటపడింది. వారానికి కొమ్మంతా సుద్దముక్కలా తెల్లబడింది.

తర్వాత ఒక మిత్రుడు ఈ సీసా ఇచ్చాడు. సరిగ్గా 35 పీపీటీ ఉన్న ద్రావణం ఇది. చుక్క వేసి చూస్తే నా పరికరం 39 అంది. అంటే ఇన్నాళ్ళూ నేను 35 అనుకున్నది నిజానికి 31. ఉప్పు పలచన కాబట్టి ఆల్కలినిటీ కూడా ఆ మేరకే తక్కువ. ఉప్పును మెల్లగా సరిచేస్తే అదీ సర్దుకునేది. నేను లేని జబ్బుకు మందు పోశాను, అదీ ఒకే డోసులో. సున్నా దగ్గర సరిగా ఉన్న పరికరం 35 దగ్గర సరిగా ఉండాలని లేదు. అప్పట్నుంచీ నాకో నియమం: ఏ అంకె నచ్చకపోయినా మర్నాడు మళ్ళీ కొలుస్తాను, వీలైతే ఇంకో కిట్‌తో. మార్చాల్సి వస్తే రోజుకు అర డిగ్రీ చొప్పున. 8తో నిలకడగా ఉన్న ట్యాంక్, 7కీ 9కీ మధ్య ఊగే ట్యాంక్ కంటే ఎంతో మెరుగు. కాల్షియం 420 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 420), మెగ్నీషియం 1300 పీపీఎం దగ్గర ఉంటే చాలు. పగడం తన గూడును కాల్షియం కార్బొనేట్‌తో కడుతుంది, ఆ సరుకు ఇదే.

ఇక సైక్లింగ్, అంటే వ్యర్థాలను మార్చే బ్యాక్టీరియాను ట్యాంకులో పెంచుకోవడం. చేప విసర్జించేది అమ్మోనియా, అది విషం. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ బ్యాక్టీరియా రాళ్ళ మీదా ఇసుకలోనూ స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. సీసాల్లో అమ్మే బ్యాక్టీరియా వేస్తే కొంత తొందరగా అవుతుంది. ఒక చేపను బలిచ్చి సైకిల్ చెయ్యడం పాత పద్ధతి, మానేద్దాం. అమ్మోనియం క్లోరైడ్ ద్రావణంతో అమ్మోనియాను 2 పీపీఎంకు తెచ్చి, 24 గంటల తర్వాత అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వస్తే ట్యాంక్ సిద్ధం. ఈ నెల రోజులూ లైట్లు ఆర్పి ఉంచండి. నాచుకు తప్ప ఎవరికీ ఉపయోగం లేదు.

ఆ తర్వాత వచ్చేదే మనిషి ఓపికను తినేసే దశ. లైట్లు వేసిన కొన్నాళ్ళకు ఇసుక మీద గోధుమరంగు దుమ్ము పరుచుకుంటుంది, డయాటమ్‌లు. అవి తగ్గేసరికి పచ్చటి జుట్టు నాచు. ఆపైన ఎర్రటి జిగురు పొర, సయనోబ్యాక్టీరియా. ఫొటోల్లో చూసిన ట్యాంక్ ఇదేనా అని ఇంట్లోవాళ్ళు అడుగుతారు. ఇక్కడే కొత్తవాళ్ళకు టెన్షన్ పట్టుకుంటుంది. నాచు మందులు, ఫాస్ఫేట్ పీల్చే పొడులు, రాళ్ళు తీసి బ్రష్షుతో కడగడం, అన్నీ ఒకే వారంలో. చివరికి నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నా చేసి గెలిచామనుకుంటారు. ఆ ఖాళీలోకి డైనోఫ్లాజెలేట్లు అనే ఏకకణ జీవులు దిగుతాయి. బుడగలు కట్టిన చీమిడిలా ఉంటాయి, వాటితో పోలిస్తే నాచే నయం. పగడాలకూ కొంచెం ఆహారం కావాలి. నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం మధ్య ఉండనివ్వండి. నాలుగు నత్తల్ని దించండి, వారానికి పదోవంతు నీళ్ళు మార్చండి, పెరిగిన నాచును చేత్తో పీకెయ్యండి. అక్కడ చెయ్యి పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు.

మొదటి చేపగా క్లౌన్ ఫిష్ జత తెచ్చుకోండి. చిన్నప్పుడు అన్నీ మగవే. రెండింట్లో పెత్తనం దక్కినది ఆడగా మారిపోతుంది. వీటికి ఎనిమోన్ (సముద్రంలో ఇవి ఆశ్రయం పొందే పువ్వులాంటి జీవి) ఉండి తీరాలన్న భ్రమ వద్దు. ఎనిమోన్ కుదురుగా ఉండదు, నడుచుకుంటూ వెళ్ళి పంపులో పడితే ట్యాంకంతా పాడవుతుంది. ఏడాది ఆగండి. బ్లూ టాంగ్ వేలెడంత ఉన్నప్పుడు ముద్దొస్తుంది, అది అడుగు దాకా పెరిగే చేప. మాండరిన్ మరీ అందంగా ఉంటుంది, రోజంతా రాళ్ళ మీద కోపిపాడ్‌లు అనే నలుసంత జీవుల్ని ఏరుకు తింటుంది. కొత్త ట్యాంకులో అవి ఉండవు, చేప మెల్లగా మాడిపోతుంది.

ప్రతి చేపనూ ముందు విడి ట్యాంకులో కొన్ని వారాలు ఉంచాలి. మెరైన్ ఇచ్ అనే తెల్లచుక్కల పరాన్నజీవికి రాగి మందు పనిచేస్తుంది గానీ, ఆ రాగి రీఫ్ ట్యాంకులో పడితే వెన్నెముక లేని ప్రాణులన్నీ పోతాయి. జబ్బు ఒకసారి పెద్ద ట్యాంకులోకి దూరిందంటే చేపలన్నిటినీ బయటికి తీసి, ట్యాంకును చేపల్లేకుండా వదలాలి. 76 రోజులన్న లెక్క అందరి నోటా ఉంది. ఆ పని ఒక్కసారి చేసినవాళ్ళు మళ్ళీ క్వారంటీన్ ఎగ్గొట్టరు.

పగడాల విషయంలో ఫ్రాగ్‌లే అడగండి, అంటే ట్యాంకులో పెరిగినదాన్నుంచి తుంచిన ముక్కలు. రాతి పగడాలన్నీ సైటీస్ అనే అంతర్జాతీయ వన్యజీవుల వ్యాపార ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి, మీరున్న దేశపు చట్టం అంతకంటే కఠినంగా ఉండొచ్చు, కొనేముందు తెలుసుకోండి. మష్రూమ్ కోరల్స్, లెదర్ కోరల్స్ అనే మెత్తటి రకాలు మొండివి, మన తప్పులు కొంత ఓర్చుకుంటాయి. గుంపుగా పెరిగే చిన్న జోవాంథిడ్‌లు కూడా సులువే, కానీ కొన్నిట్లో పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. గ్లవ్స్, కళ్ళద్దాలు లేకుండా ముట్టుకోకండి. అవి అంటుకున్న రాయిని ఎప్పుడూ వేడినీళ్ళలో మరిగించకండి. ఆ ఆవిరి పీల్చి ఆసుపత్రి పాలైన కుటుంబాలున్నాయి.

ఫ్రాగ్‌ను మొదట అడుగున, తక్కువ వెలుతురులో పెట్టండి. పగడం కణాల్లో ఉండే సన్నటి నాచు, జూక్సాంథెల్లే, దాని తిండిలో ఎక్కువ భాగం తయారుచేస్తుంది. ఒక్కసారిగా లైట్ పెంచితే ఆ నాచును పగడమే బయటికి నెట్టేసి తెల్లబడిపోతుంది. వారం పది రోజులకోసారి కొంచెం పైకి జరపండి. తెచ్చిన రోజు ముడుచుకునే ఉంటుంది, మర్నాడు కూడా ఉండొచ్చు. చోటు నచ్చలేదేమో అని అటూ ఇటూ మార్చారంటే మళ్ళీ మొదటికొస్తుంది. నేను ఒక లెదర్‌ను పదకొండు రోజులు అలాగే చూస్తూ కూర్చున్నాను. మైనం పూసినట్టు మెరుస్తూ ముడుచుకుపోయింది, చచ్చిందనే అనుకున్నాను. పన్నెండో రోజు పొద్దున ఆ పొర మొత్తం పాము కుబుసంలా ఊడిపోయి, కింద లేత వేళ్ళన్నీ బయటికొచ్చాయి. లెదర్లు అప్పుడప్పుడూ పై పొర వదులుతాయట, నాకప్పుడు తెలీదు.

ప్రశ్నలకు వెళ్ళేలోపు ఈ పరికరం ముందు వరుస నుంచి వెనక్కి పంపుతున్నాను. సీసాలోని ద్రావణం ఒక్క చుక్క గాజు మీద వేసి, మూత మెల్లగా వాల్చి, బుడగ లేకుండా చూసుకుని లైట్ వైపు పట్టుకోండి. నీలానికీ తెలుపుకూ మధ్య గీత ఎక్కడుందో గట్టిగా చెప్పండి. 35 కాకపోతే ఆ స్క్రూ మాత్రం తిప్పకండి, నేను వచ్చి తిప్పుతాను.