పిచ్చుక గూట్లో కందిరీగలు చేరకుండా పైకప్పుకి సబ్బు పూత

[దృశ్యం: పెరటి గోడకు తగిలించిన చెక్క గూడు. రంధ్రం అంచున కందిరీగ వాలి, లోపలికి పోతుంది.]

నమస్తే. పిచ్చుకల కోసం గూడు పెడితే కందిరీగలు కాపురం పెట్టాయని చాలామంది బాధపడుతుంటారు. పిచ్చుకకి నచ్చినవే కందిరీగకీ నచ్చుతాయి. లోపల వాన పడదు, ఎండ తగలదు. రంధ్రం చిన్నది చేద్దామంటే కుదరదు. పిచ్చుకకి 32 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి, అందులోంచి కందిరీగ హాయిగా దూరిపోతుంది. కాబట్టి రంధ్రం సంగతి వదిలేయండి. గూటి మూత తీసి పైకప్పు చూడండి.

[దృశ్యం: మూత లోపలివైపు, బాగా దగ్గరగా. సన్నటి కాడ, దాని చివర బూడిద రంగు గదులు నాలుగు.]

ఈ కాడ చూశారా? దారం కంటే కాస్త లావు, అంతే. కందిరీగ ఎండిన కట్టెని దవడలతో గీకి, నమిలి, కాగితం లాంటి ముద్ద చేస్తుంది. ముందుగా దాన్ని పైకప్పుకి అతికించి కాడ దించుతుంది. తర్వాత కాడ చివర ఒక్కో గదీ కడుతూ, గదికో గుడ్డు పెడుతుంది. కొన్నాళ్ళకి అది బోర్లించిన తామరకాయలా తయారవుతుంది. బరువంతా ఆ కాడ మీదే. కాడ అతుక్కోకపోతే ఇక కట్టడమే ఉండదు.

[దృశ్యం: ఖాళీ గూటి మూతకి సబ్బు రుద్దుతున్న చెయ్యి.]

అందుకే సబ్బు. వాసన లేని స్నానం సబ్బు తీసుకోండి. గూడు ఖాళీగా ఉన్నప్పుడు, తడి చేయకుండా, పైకప్పు లోపలివైపు గట్టిగా రుద్దండి. తెల్లటి పొర కట్టాలి. పైకప్పూ గోడలూ కలిసే మూలల్ని అస్సలు వదలొద్దు. గోడలకి మాత్రం రుద్దకండి. రంధ్రం ఉన్న పలక లోపలివైపు గరుకుగానే ఉండాలి, పిల్లలు గోళ్ళతో పట్టుకుని పైకి ఎక్కేది దాని మీదే.

పెట్రోలియం జెల్లీ రాయమని కూడా కొందరు చెబుతారు. పని చేస్తుంది, కానీ నేను వద్దంటాను. మన మే నెల ఎండలకి అది కరిగి కిందికి కారుతుంది. ఈకలకి జిడ్డు పట్టిందంటే పక్షికి వానా చలీ ఆగవు.

[దృశ్యం: వరండా చూరు కింద కందిరీగల గూడు, దూరం నుంచి.]

ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో ఎక్కువ భాగం బ్రిటన్, అమెరికా వాళ్ళవి. అక్కడ చలికాలం వచ్చేసరికి కందిరీగల గూళ్ళు ఖాళీ అయిపోతాయి, అప్పుడు శుభ్రం చేసుకుంటే సరిపోతుంది. మనకి అలా కుదరదు. దక్షిణాదిలో ఇళ్ళ దగ్గర బాగా కనిపించే ఒక జాతి పేరు రోపలిడియా మార్జినేటా. ఇటుక రంగు ఒళ్ళు, పొట్ట మీద పసుపు పట్టీ. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో రాఘవేంద్ర గడగ్కర్ దశాబ్దాల పాటు దీన్నే పరిశీలించారు. ఇది ఏడాదిలో ఎప్పుడైనా కొత్త గూడు మొదలుపెడుతుంది. ఒక్కటే కట్టొచ్చు, నాలుగైదు కలిసి కూడా కట్టొచ్చు. కాబట్టి వారానికోసారి పిచ్చుక గూడు చూసుకోవడం మనకి ఏడాది పొడుగునా ఉండే పని.

పొద్దున్నే చూడండి, చల్లటి వేళ అవి మందంగా ఉంటాయి. ముందు కాసేపు దూరంగా నిలబడి రంధ్రం గమనించండి. నాలుగైదు గదులు, ఒకే ఒక్క కందిరీగ ఉంటే అది బయటికి ఎగిరేదాకా ఆగి, పొడవాటి పుల్లతో కాడ గీకేయండి. అక్కడ శుభ్రంగా తుడిచి సబ్బు రుద్దండి. అది మళ్ళీ వచ్చి వెతుక్కుంటుంది, మీరూ మళ్ళీ చూడండి.

కందిరీగల గూడు పెద్దదై, దాని మీద అవి గుంపుగా ఉంటే మీరు ముట్టుకోవద్దు. అనుభవం ఉన్నవాళ్ళని పిలవండి. కిరోసిన్ గుడ్డ, కాగడా అసలే వద్దు. పురుగుల స్ప్రే కూడా వద్దు. ఆ మందు చెక్కకి పట్టి ఉంటుంది, రేపు పిచ్చుక పిల్లలు పెరగాల్సింది ఆ చెక్క మధ్యే.

గూట్లో అప్పటికే పిచ్చుక గుడ్లో పిల్లలో ఉంటే? ముందు మూత తీయకండి. దూరంగా కూర్చుని చూడండి. తల్లీతండ్రీ మామూలుగా వచ్చి వెళ్తుంటే వాటి మానాన వాటిని వదిలేయండి. పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోవడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. శుభ్రం చేసే పని ఆ తర్వాత పెట్టుకోవచ్చు.

మట్టి గదులు కనిపిస్తే అది కుమ్మరి పురుగు పని. ఒంటరిది, గుంపుగా మీద పడదు. మట్టికి కన్నం పడిందంటే లోపలి పురుగు ఎగిరిపోయినట్టే, అప్పుడు గీకేయండి.

ఇంకో మాట. కందిరీగని పగబట్టకండి. వంకాయ, బెండ మొక్కల మీది గొంగళిపురుగుల్ని పట్టుకెళ్ళి పిల్లలకి పెట్టేది అదే. ఎవరూ తిరగని చోట, ఎత్తయిన చూరు కింద కట్టుకుంటే ఉండనివ్వండి.

[దృశ్యం: చేతి మీద ఐసు గుడ్డ.]

కుడితే సబ్బునీళ్ళతో కడిగి, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టండి. తేనెటీగలా ముల్లు వదిలిపోదు, ఒక్కటే పదేపదే కుట్టగలదు, కాబట్టి ముందు అక్కడి నుంచి దూరంగా వెళ్ళండి. నోట్లో కుట్టినా, ముఖం, గొంతు వాచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్ళు తిరిగినా ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.