సోల్, సన్‌జే, ఒక చేతి గడియారం

శ్రోతలకు నమస్కారం.

"ఆ ట్యాక్సీ ఎక్కకుండా ఉంటే సరిపోయేది కదే!" అంది మా అక్క, రాత్రి పదకొండున్నరకి, టీవీ మీంచి చూపు తిప్పకుండానే. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. అయినా ఆ సీరియల్ పదహారు ఎపిసోడ్లూ ఇద్దరం కలిసి చూశాం. అయిపోయాక మళ్ళీ మొదటి నుంచి పెట్టుకున్నాం. ఈ పూట మీతో దాని గురించే మాట్లాడాలనుకున్నాను.

దాని పేరు లవ్లీ రన్నర్. దక్షిణ కొరియాలో టీవీఎన్ చానెల్లో 2024 ఏప్రిల్ 8 నుంచి మే 28 దాకా సోమ, మంగళవారాల్లో వచ్చింది. ఒక వెబ్ నవలను ఆధారం చేసుకుని లీ సియున్ దీన్ని రాశారు. కొరియన్ భాషలో పెట్టిన పేరుకి అర్థం 'సన్‌జేని వీపున వేసుకుని పరుగెత్తు' అని. నాకు ఆ పేరే ఎక్కువ నచ్చింది. ఎందుకంటే కథ మొదలయ్యేసరికి, పరుగెత్తాల్సిన ఆ అమ్మాయి చక్రాల కుర్చీలో ఉంటుంది.

ఇంకా చూడనివాళ్ళు ఎవరైనా వింటుంటే ముందే చెబుతున్నాను, కథలో కొన్ని ముడులు విప్పకుండా నేను మాట్లాడలేను.

అమ్మాయి పేరు ఇమ్ సోల్. స్కూల్లో చదువుకునే రోజుల్లో ఒక ప్రమాదంలో నడక పోతుంది. ఆసుపత్రి మంచం మీద, ఇక బతకడం ఎందుకు అనుకుంటూ పడుకుని ఉండగా ఫోన్ మోగుతుంది. అది రేడియో నుంచి. లైవ్ ప్రోగ్రాంలో శ్రోతలకి ఫోన్ చేస్తున్నారు. సోల్ కోపంగా, ఏడుపు గొంతుతో ఏదో అనేస్తుంది. అవతల స్టూడియోలో కొత్తగా పాటలు మొదలుపెట్టిన ఒక కుర్రాడున్నాడు. అతను ఆమెతో మెల్లగా మాట్లాడతాడు. మీరు బతికి ఉన్నందుకు మీ పక్కనున్నవాళ్ళు సంతోషిస్తూ ఉంటారంటాడు. ఇవాళ ఎండ బాగుంది కాబట్టి ఇవాళ్టికి బతకండి, రేపు వానట, అది వెలిసేదాకా ఎదురుచూస్తూ ఇంకో రోజు బతకండి, ఇదీ అతను చెప్పిన మాటల సారాంశం. అంతే, ఒక్క ఫోన్ కాల్. ఆ గొంతు పట్టుకుని ఆమె అన్నేళ్ళు నెట్టుకొస్తుంది. మైకు ముందు కూర్చునే నాలాంటిదానికి ఆ సీన్ ఎంత దగ్గరగా అనిపించిందో వేరే చెప్పక్కర్లేదు.

ఆ కుర్రాడే ర్యు సన్‌జే, ఎక్లిప్స్ అనే బ్యాండ్‌లో గాయకుడు. 2023లో, పెద్ద స్టార్ అయ్యాక, ఒక రాత్రి అతను చనిపోయాడని వార్త వస్తుంది. సోల్ దగ్గర అతని చేతి గడియారం ఉంటుంది, వేలంలో కొనుక్కున్నది. సరిగ్గా అర్ధరాత్రి పన్నెండుకి అందులో అంకెలన్నీ సున్నాలవుతాయి. కళ్ళు తెరిచేసరికి 2008. సోల్ మళ్ళీ స్కూలు పిల్ల, కాళ్ళున్నాయి, నడవగలుగుతోంది. సన్‌జే ఇంకా పాటగాడు కాలేదు, భుజం నొప్పితో బాధపడుతున్న ఈతగాడు. అతన్ని బతికించుకోవడానికి ఆమెకి ఉన్నవి మూడే అవకాశాలు.

ఇక్కడి నుంచి మా అక్కకి ప్రశ్నలే ప్రశ్నలు. ఆ గడియారం ఎందుకు పనిచేస్తుంది? ఎవరు పెట్టారు ఈ మూడు సార్ల లెక్క? సోల్ వాళ్ళ నానమ్మకి ఏదో తెలిసినట్టు చూపిస్తారు, కానీ ఏం తెలుసో ఎలా తెలుసో చెప్పరు. మొదట్లో సోల్ నిజం చెప్పబోతే చాలు, లోకమంతా బొమ్మలా ఆగిపోతుంది. తీరా కొన్ని ఎపిసోడ్లయ్యాక సన్‌జేకి విషయం తెలిసిపోతుంది, ఇద్దరూ దాని గురించి హాయిగా మాట్లాడుకుంటారు, ఏదీ ఆగదు. ఆ నియమం ఏమైందో ఎవరూ అడగరు. చింపిన క్యాలెండర్ కాగితం వెనక మేమిద్దరం ఒక గీత గీసి, ఈ చివర 2008, ఆ చివర 2023 రాసుకుని, బాణాలు వేసుకుంటూ వెళ్ళాం. ఏడో ఎపిసోడ్ దగ్గర బాణాలు ఒకదాని మీద ఒకటి పడిపోయి, ఏది ఎటు పోతోందో మాకే అర్థం కాలేదు. కాగితం పక్కన పెట్టేశాం.

లాజిక్ లేకపోయినా ఫర్వాలేదని నేను అనను. ఒక లొసుగు మాత్రం నన్ను నిజంగా బాధపెట్టింది. ఆ ట్యాక్సీ డ్రైవర్. సోల్‌ని ఎత్తుకుపోయేది అతనే, కాలం ఎన్నిసార్లు తిరగబడినా అతను వెంటపడుతూనే ఉంటాడు. అతనెవరు, ఎందుకంత పట్టుదల, ఏమీ తెలియదు. కథకి ఒక ప్రమాదం కావాల్సి వచ్చినప్పుడల్లా వచ్చి నిలబడతాడు. గడియారం సంగతి చెప్పకపోయినా నేను నమ్ముతాను, అది మొదటి నుంచీ మాయే. మనిషి సంగతి అలా కాదు, అతన్ని మనిషిలాగే చూపించాలి.

మరి ఎందుకు చూశాం అంటే, మన భాగవతంలో రేవతి కథ గుర్తొస్తుంది. కకుద్మి అనే రాజు, కూతురు రేవతికి తగిన వరుడెవరో అడుగుదామని ఆమెను తీసుకుని బ్రహ్మలోకానికి వెళ్తాడు. అక్కడ పాట నడుస్తుంటే అయ్యేదాకా ఆగుతాడు. ఆ కాసేపట్లో భూమ్మీద 27 చతుర్యుగాలు గడిచిపోతాయి. తర్వాత బలరాముడికిచ్చి పెళ్ళి చేస్తారు. చిన్నప్పుడు ఈ కథ విన్నప్పుడు కాలం ఎలా జారిపోయిందని నేను అడగలేదు. తనకి తెలిసినవాళ్ళు ఒక్కరూ మిగలని లోకంలోకి దిగినప్పుడు రేవతికి ఎలా అనిపించిందని అడిగాను. చెప్పినవాళ్ళ దగ్గర జవాబు లేదు.

లవ్లీ రన్నర్ ఆ ప్రశ్న దగ్గరే కూర్చుంటుంది. సోల్ కాలాన్ని తిప్పిన ప్రతిసారీ జరిగినదంతా ఆమెకి గుర్తుంటుంది, అవతలివాళ్ళకి ఉండదు. ప్రేమించుకున్నారు, పోట్లాడుకున్నారు, మాటిచ్చుకున్నారు. అదంతా ఇప్పుడు ఒక్కరి తలలోనే ఉంది. చివరికి ఆమె తన మూలంగానే సన్‌జే చనిపోతున్నాడని తెలుసుకుని, వాళ్ళిద్దరి తొలి కలయికనే లేకుండా చేస్తుంది. అతను బతుకుతాడు, స్టార్ అవుతాడు. ఆమె ఒక సినిమా కంపెనీలో ఉద్యోగం చేసుకుంటూ ఉంటుంది. అతను ఎదురుపడితే ఆమె ముఖం తిప్పుకుంటుంది. అతను మామూలుగా, తెలియని మనిషిని చూసినట్టు చూస్తాడు. సోల్‌గా వేసిన కిమ్ హ్యేయూన్ అక్కడ ఒక్క మాట లేకుండా నటించింది. మా అక్క అప్పటిదాకా ఏదో అంటూనే ఉంది, అక్కడ నోరు మెదపలేదు.

సన్‌జేగా వేసిన బ్యోన్ వూసోక్ ఈ సీరియల్లో తనే పాడాడు కూడా. జడివాన అనే అర్థం వచ్చే ఒక పాట ఉంది. లేని బ్యాండ్ పాడిన ఆ పాట నిజంగానే కొరియా పాటల చార్టుల్లోకి ఎక్కింది. కథలో సోల్‌కి అది ఎంతో ఇష్టమైన పాట. అభిమానిగా ఎన్నిసార్లు వినుంటుందో. అది తన మీద రాసిన పాట అని మాత్రం ఆమెకి తెలియదు.

ఎందుకంటే రెండో ఎపిసోడ్ చివర్లో కథ ఒక్కసారిగా అటు వైపు తిరుగుతుంది. సోల్ సన్‌జే అభిమాని కావడానికి చాలా ముందే, సన్‌జే ఆమెను ఇష్టపడ్డాడు. వాళ్ళవి ఎదురెదురు ఇళ్ళు. ఒక వాన రోజు ఆ అమ్మాయి అతనెవరో కూడా తెలియకుండా, తడిసిపోతున్నాడని గొడుగు పట్టుకుని వెనకాలే పరుగెత్తుకొచ్చింది. అదే మొదలు.

అందుకే మళ్ళీ మొదటి ఎపిసోడ్ పెట్టాం. మంచు కురుస్తోంది, కచేరీ నుంచి వస్తున్న సోల్ కుర్చీ వంతెన మీద ఆగిపోయింది. ఎవరో వచ్చి గొడుగు పడతారు. తలెత్తి చూస్తే సన్‌జే. మొదటిసారి చూసినప్పుడు, ఇష్టమైన హీరో ఎదురుగా కనబడిన ఆ పిల్ల సంబరమే చూశాం మేమిద్దరం. రెండోసారి అక్క రిమోట్ తీసుకుని అక్కడ ఆపింది.

"అతని మొహం చూడవే," అంది.

చూశాను. గొడుగు మొత్తం ఆమె వైపే ఉంది.

సెలవు, నమస్కారం.