కోట్లు విప్పించిన తర్వాత

శ్రోతలకు నమస్కారం.

సైనికుడు తుపాకీ కింద పడేసి చేతులెత్తాక, ఇక అతన్ని కాపాడేది ఒంటిమీది యూనిఫామే. నేను సైనికుణ్ణి, లొంగిపోయాను, నన్ను చంపకూడదు అని అతని తరఫున చెప్పేది ఆ కోటే. 1907 హేగ్ నిబంధనలూ, 1929 జెనీవా ఒప్పందమూ ఇదే చెప్పాయి: ఖైదీకి తిండి పెట్టాలి, గాయమైతే వైద్యం చేయాలి, ప్రాణం తీయకూడదు. ఆ జెనీవా ఒప్పందానికి జర్మనీ కూడా కట్టుబడింది.

పోలండ్‌లో రాదోమ్ పట్టణానికి ఆగ్నేయంగా చెపెలూఫ్ అనే ఊరుంది. పక్కనే దొంబ్రోవా అనే పల్లె, దాన్ని ఆనుకుని అడవి. 1939 సెప్టెంబరు 8 నాటికి, పోలండ్ మీద జర్మనీ దాడితో రెండో ప్రపంచ యుద్ధం మొదలై వారమైంది. పోలండ్ 74వ పదాతి రెజిమెంటు సైనికులు ఆ అడవిలో జర్మన్ 15వ మోటారు రెజిమెంటుకు ఎదురు నిలిచారు. పోరులో ఒక జర్మన్ కెప్టెన్ చనిపోయాడు. తర్వాత పోలిష్ సైనికులు పట్టుబడ్డారు.

ఆ పైన జరిగింది ఒక జర్మన్ సైనికుడి డైరీ వల్ల తెలిసింది. తన కెప్టెన్ చనిపోయినందుకు రెజిమెంటు కమాండర్ కోపంతో ఊగిపోయాడట. పట్టుబడ్డవాళ్లు సైనికులు కాదు, దొంగచాటుగా కాల్చే గెరిల్లాలు అని తేల్చేశాడట. అందరి ఒంటిమీదా యూనిఫాం ఉంది కదా! అందుకని ముందు కోట్లు విప్పించారు. ప్యాంట్లు జారిపోకుండా భుజాల మీదుగా వేసుకునే పట్టీలు కోసేశారు. ప్యాంటు రెండు చేతులా పట్టుకున్నవాడు ఎంత దూరం పరుగెత్తగలడు? వరసగా రోడ్డు వెంట నడిపించారు. కాసేపటికి మెషిన్‌గన్ల చప్పుడు. డైరీ రాసిన మనిషి వెళ్లి చూస్తే రోడ్డు పక్క గుంటలో శవాలు. 300 అని రాశాడు. ఆ లెక్క మీద చరిత్రకారుల్లో వాదనలున్నాయి, నిజమే. కానీ నా మనసు అంకె దగ్గర ఆగడం లేదు, ఆ కోట్ల దగ్గరే ఆగిపోతోంది. ఒప్పందం తప్పుతున్నామని వాళ్లకు తెలుసు. తెలియకపోతే కోట్లు విప్పించే పనేముంది?

ఆ సెప్టెంబరులో ఇదొక్కటే కాదు. పోలండ్‌లోనే జాంబ్రూఫ్ అనే ఊళ్లో ఖైదీలను రాత్రిపూట మైదానంలో పడుకోబెట్టి, లేచినవాణ్ణి కాల్చేస్తామన్నారు. చీకట్లో బెదిరిన గుర్రాలు వాళ్ల మీదికి దూసుకొచ్చాయి. డెక్కల కింద పడి నలిగిపోతామని లేచి నిలబడ్డవాళ్ల మీద మెషిన్‌గన్లు పేలాయి. సుమారు 200 మంది పోయారు. విస్తులా నది ఒడ్డున ష్లాదూఫ్ అనే పల్లెలో ఖైదీలతో పాటు ఊరివాళ్లనూ చంపారు.

రెండేళ్లకు జర్మనీ సోవియట్ యూనియన్ మీద దాడి చేసింది. అదే పోలండ్ నేల మీదికి సోవియట్ ఖైదీలను తోలుకొచ్చారు. ఈసారి కోటు విప్పించే శ్రమ కూడా పడలేదు. సోవియట్ యూనియన్ జెనీవా ఒప్పందం మీద సంతకం చేయలేదు కాబట్టి వాళ్లకది వర్తించదన్నారు. పొలాల మధ్య ముళ్లకంచె వేసి, ఆరుబయట వదిలేశారు. చలికి నేలలో గోతులు తవ్వుకుని అందులో ముడుచుకున్నారు. గడ్డి పీక్కుని తిన్నారు, చెట్ల బెరడు నమిలారు. కంచె అవతల పల్లెజనం ఇదంతా చూశారు. రొట్టెముక్క, బంగాళాదుంప విసిరినవాళ్లూ ఉన్నారు. చూసి ఊరుకోలేకపోవడమే అక్కడ నేరం, పారిపోయిన ఖైదీని ఇంట్లో దాచితే మరణశిక్ష. యుద్ధం మొత్తంలో జర్మన్ల చేతికి చిక్కిన సోవియట్ సైనికులు దాదాపు 57 లక్షలు. అందులో దాదాపు 33 లక్షల మంది తిరిగి రాలేదు. ఎక్కువమందిని చంపింది తూటా కాదు, ఆకలి, చలి, జ్వరం.

మళ్లీ దొంబ్రోవాకు వస్తాను. ఆ రెజిమెంటు కమాండర్ వాల్టర్ వెస్సెల్ 1943లో ఇటలీలో కారు ప్రమాదంలో చనిపోయాడు. కోర్టు బోను ఎక్కనే లేదు. 1950లో మ్యూనిక్‌లోని పోలిష్ కాన్సులేట్‌కు ఒక కవరు అందింది. పంపినవాడి పేరు లేదు. లోపల ఆ డైరీ పుటలు, వాటితో పాటు 5 ఫొటోలు. ఒకదాంట్లో రోడ్డు పక్క గుంటలో, ఒకరి పక్కన ఒకరు, పడి ఉన్నారు వాళ్లు. ఒంటిమీద కోట్లు లేవు.